సున్నా రాయని ఇల్లు

మణవాళనగర్,
జులై 24

ప్రియమైన బావకు,

తిరువళ్ళూరులో కురిసిన వానను, మన పల్లెలో కురవని వానను కలిపి రెండుతో భాగిస్తే వచ్చే ఆ ఊరు ఎక్కడుంది? ఎం.ఎస్సీ. చదివే రోజుల నుంచీ ఈ ప్రశ్న నా వెంట తిరుగుతూనే ఉంది. ఆ ఊళ్ళో ఎవరుంటారు? వాళ్ళ చేలల్లో వేరుశనగ సగం పచ్చగా, సగం ఎండిపోయి నిలబడుతుందా? అప్పట్లో మా ప్రొఫెసరును అడిగితే, "సగటుకు చిరునామా ఉండదమ్మాయ్" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇన్నేళ్ళకు, ఆ చిరునామా లేని ఊరి పేరు చెప్పి చిరునామా ఉన్న మన పల్లె కరువును కొట్టేయబోతున్నారు. ఇప్పుడు నవ్వడానికి నా ముందు క్లాసు లేదు, కమిటీ ఉంది.

ఈ ఏడు జిల్లాలో ఏయే ఊళ్ళను కరువు జాబితాలో చేర్చాలో తేల్చే కమిటీలో నన్ను వేశారు. జాగ్రఫీ మేడమ్ మీద గౌరవం పొంగి కాదు. కూడికలు, తీసివేతలు చేసే ఓపిక మిగతావాళ్ళకు లేక. అధ్యక్షుడు ఆనంద్‌రాజ్ అనే పెద్దమనిషి. ఆయనకు వానతో పరిచయం కారు అద్దం మీద తుడుపు కర్ర తిరగడం వరకే. జిల్లా మొత్తానికి ఒకే అంకె పట్టుకొచ్చాడు: వర్షపాతం సాధారణం. నైరుతి కాలంలో సముద్రం వైపు సాయంత్రం పూట నాలుగు కుండపోతలు పోస్తే, ఆ నీళ్ళన్నీ కాగితం మీద మీ దాకా పారాయి. సముద్రపు ఒడ్డు వేరు, తిరువళ్ళూరు వేరు, తిరుత్తణి వేరు, తిరుత్తణి కొండకు అవతల మన పల్లె వేరు అని గంటసేపు చెప్పాను. ఆయన బిస్కట్టు టీలో ముంచి, అది విరిగి కప్పులో పడితే దాన్ని వెతుక్కుంటూ, "పడమర అంతటికీ తిరుత్తణి లెక్క చాలదా మేడమ్?" అన్నాడు.

చాలదు. కొండకు అవతల ఉన్న కొలత ఒక్కటే. నా పరిశోధన రోజుల్లో నీ చేనిగట్టు మీద నేను పెట్టించిన వాన డబ్బా. మన పల్లె జాబితాలోకి ఎక్కితే మళ్ళీ విత్తనం వస్తుంది, బ్యాంకువాళ్ళు కొంతకాలం మీ గడపలు తొక్కరు. ఎక్కకపోతే ఈ ఏటి వేరుశనగ మీ అందరి నెత్తినా ఎండినట్టే. అదంతా ఆ డబ్బా మీదే ఉంది. అందుకే భయం. పోయినసారి వచ్చినప్పుడు దాని కంచె మీద నీ లుంగీ ఆరుతోంది, కంబానికి సొరతీగ పాకింది. వాన కొలవమంటే కాయలు కోసుకున్నావు. జూన్ నుంచి పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచిన లెక్క రోజువారీగా వెంటనే పంపు.

ఫోను చెయ్యకుండా జాబులెందుకంటావేమో. ఫోనులో మన మాట రెండో నిమిషానికే పోట్లాట అవుతుంది, యశశ్విని పక్కగదిలో చెవులు రిక్కిస్తుంది. తెలుగు అక్షరాలు దానికి కోడిగీతలు. మన ఇద్దరి మధ్య ఇంకా కాస్త గుట్టు మిగిలిందంటే, కూతురికి మనం తెలుగు చదువు చెప్పించలేదు కాబట్టే.

వేళకు తిను. అత్తను అడిగానని చెప్పు.

నీ
కాంచన

~

మన పల్లె, అత్తిమంజేరిపేట దారి,
ఆగస్టు 2

ప్రియమైన కాంచనకు,

నీ జాబు అందింది. తిట్లన్నీ భద్రంగా చేరినాయి, పోస్టాఫీసులో ఒక్కటీ తగ్గలేదు.

ఆ సొరకాయ పులుసు నువ్వు గూడా రెండుసార్లు పోయించుకొని తిన్నావు. అది రాయడం మరిచిపోయినట్టున్నావు. కమిటీలో ఉండేవాళ్ళకు అట్లాంటివి గుర్తుండవులే.

జూన్‌లో రెండు మంచి వానలు పడినాయి. వాటిని నమ్మే విత్తనం వేసినాము. జులై మొదట్లో ఒక తుంపర. ఈ మూడింటి లెక్కలు కాగితం వెనక రాసినాను. మిగతా రోజులు ఖాళీగా వదిలినాను. ఏం రాయమంటావు చెప్పు? డబ్బా గరాటులో సాలెపురుగు ఇల్లు కట్టుకొని సుఖంగా ఉంది. దాని పెళ్ళాము ఉద్యోగానికి పోయినట్టు లేదు.

చేను పూతకొచ్చింది. పూత నుంచి ఊడ దిగి మట్టిలోకి పోతేనే గదా కాయ. నేల బండగా ఉంది. ఊడలు మట్టిని తాకి, లోపలికి పోలేక, చీమ కాళ్ళ మాదిరి వంకర తిరిగి ఎండుతున్నాయి. మీ ఆనంద్‌రాజ్‌కు ఒక మొక్క పెరికి పంపుదామా అనుకున్నాను. టీలో ముంచుకుంటాడేమోనని మానుకున్నాను.

ఊళ్ళో కొత్త రగడ మొదలైంది. వరదన్ మామ తెలుసు గదా, లోతు బోరు, ఎప్పుడు చూసినా పచ్చగా ఉండే చెరుకు తోట, ప్రతి కూటానికీ ఆయనే పెద్ద. నిన్న రేషన్ అంగడి ముందర అందరినీ నిలబెట్టి, కొడుంబావి ఈడ్చాల్సిందే అన్నాడు. నువ్వు చిన్నప్పుడు ఒకసారి చూసి దడుచుకున్నావు, గుర్తుందా? గడ్డితో ఆడమనిషి బొమ్మ చేసి, చీర కట్టి, వానను ఆపిన మహాపాపి ఇదేనని ఆడవాళ్ళు జుట్టు పట్టి వీధుల్లో ఈడ్చి, రొమ్ము కొట్టుకొని ఏడ్చి, పొలిమేరలో తగలబెడతారే, అది.

"ఎవతో పాపాత్మురాలు వానను కట్టేసుండాది. దాన్ని ఈడ్చి పారేస్తేగానీ మోడం దిగి వాన పడదు" అన్నాడు మామ.

"ముందు నీ బోరును ఈడ్చి చూద్దామా మామా? అడుగున నీళ్ళన్నీ అదే గదా కట్టేసింది" అన్నాను.

నవ్వేవాళ్ళు నవ్వినారు. ఆయన నవ్వలేదు. "నీకేమప్పా, నీ పెండ్లాము నెల జీతగత్తె. వాన పడితే ఎంత, పడకపోతే ఎంత?" అన్నాడు.

యశశ్వినికి చెప్పు, తెలుగు నేర్చుకుంటే నాయన అప్పుడప్పుడు మంచి మాటలు గూడా రాస్తాడని.

నీ బావ
వెంకటపతి

~

మణవాళనగర్,
ఆగస్టు 11

ప్రియమైన బావకు,

మూడు అంకెలు, మిగతాదంతా తెల్లకాగితం! దాన్ని పట్టుకుని నేను కమిటీకి వెళ్ళాను చూడు, అదీ నా తెలివి.

నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగా చదువు. ఖాళీ వేరు, సున్నా వేరు. సున్నా అంటే పోయి చూశాను, చుక్క లేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. చూడని రోజుకు ఏం చేస్తారంటే, పక్క కొలత తెచ్చి ఆ గడిలో నింపుతారు. మీ పక్క కొలత తిరుత్తణి. ఆడి కృత్తిక నాడు తిరుత్తణిలో కావళ్ళు మోసేవాళ్ళు మెట్ల మీద జారేంత వాన పడింది, పేపర్లో ఫొటో కూడా వేశారు. అది కొండ దాటి మీవైపు రాలేదు. కానీ నువ్వు వదిలేసిన ఖాళీలోకి చక్కగా వచ్చి కూర్చుంది. కంప్యూటర్ లెక్కలో ఆ రోజు నీ చేను తడిసి ముద్దయింది, బావా. సంతోషించు.

ఆనంద్‌రాజ్ నీ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "ఎన్న మేడమ్, ఈ డబ్బా చూసేది మీ హస్బెండా?" అన్నాడు.

"అవును."

"లీవులో ఉన్నారా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గు నటించారు. అందులో వ్యవసాయశాఖ నుంచి వచ్చిన రంజని ఒక్కతే తల దించుకుంది. నాకు కోపం ఎవరి మీదో తెలుసా? ఖాళీల్లో పక్క లెక్క నింపే ఆ పద్ధతిని ఏటా పిల్లలకు నేర్పేది నేనే. బోర్డు మీద బాణాలు గీసి మరీ నేర్పుతాను. అందుకే ఆ కోపం నా మీదే.

ఇక మీ కొడుంబావి సంగతి. చదివి రోత పుట్టింది. సముద్రం వేడెక్కడం, గాలి దిక్కు మారడం, కొండ అడ్డం పడటం ఇవేవీ పాపం చెయ్యవు, ఆడదే చేస్తుంది. గడ్డి మగవాడి ఆకారంలోకి ఒదగదా? అడిగి చెప్పు. ఆ వరదన్‌ను తల మీద పెట్టుకుని తిరిగే ఊరి కోసం నేను ఈ గదుల్లో నోరు నొప్పి పుట్టేలా వాదిస్తున్నానని తలుచుకుంటే, నా కంటే పిచ్చిది ఎవరూ కనపడరు.

అయినా ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఒక డబ్బా మూతిలో పడిన చుక్కలు చూసి పది ఊళ్ళ ఆకాశం గురించి తీర్పు చెప్పే నా చదువుకూ, ఒక బొమ్మను ఈడ్చి మేఘాన్ని పిలిచే వాళ్ళ నమ్మకానికీ మధ్య దూరం నేను అనుకున్నంత ఉందా? సరే, అది నాకూ నా అనుమానానికీ మధ్య గొడవ. నువ్వు మాత్రం రోజూ సున్నా రాయి. వాన లేని ప్రతి రోజుకూ గుండ్రంగా ఒక సున్నా. అంతకంటే తేలిక పని భూమ్మీద లేదు.

నీ
కాంచన

~

మన పల్లె,
ఆగస్టు 24

ప్రియమైన కాంచనకు,

నీ జాబు చదివినాను, నువ్వు చెప్పినట్టే నెమ్మదిగా. మళ్ళీ అట్లే పంపుతున్నాను. ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. కోపం తెచ్చుకోవద్దు.

పోయిన శుక్రవారం కొడుంబావి ఈడ్చినారు. నేను పోలేదు. గడ్డిని మగవాడి ఆకారంలో ఒదిగించమని అడగలేదు, అడిగేవాళ్ళ మాట వినే దినం గాదు అది.

డబ్బా చోటున డబ్బా ఉంది. సొరతీగ పెరికేసినాను. సాలెపురుగును గూడా పంపించేసినాను.

ఇంకొక మాట. నువ్వు ఇప్పుడప్పుడే ఇక్కడికి రావద్దు. యశశ్వినిని గూడా పంపొద్దు. కారణం అడగొద్దు. అమ్మ బాగానే ఉంది.

నీ బావ
వెంకటపతి

~

మణవాళనగర్,
సెప్టెంబరు 2

ప్రియమైన బావకు (ఈ ప్రియం అలవాటు కొద్దీ పడింది),

రావద్దా? నా మేనత్త ఇంటికి, నా మొగుడి ఇంటికి నన్ను రావద్దనే ధైర్యం నీకు కాగితం మీదే వస్తుంది. కారణం అడగొద్దట. కమిటీలో ఆనంద్‌రాజ్ అయినా కారణం చెప్పి అవమానిస్తాడు.

నాకు తోచినది చెబుతాను, తప్పయితే దిద్దు. నువ్వు రోజూ డబ్బా దగ్గరికి పోవడం లేదు. వాన చప్పుడుకు మెలకువ వచ్చిన రోజున మాత్రం తెల్లారి వెళ్ళి చూస్తున్నావు. మిగతా రోజుల్లో దుప్పటి ముసుగు. అంత తేలిక పని చెయ్యలేని మనిషి, ఆడది జీతం తెస్తుందని నలుగురిలో మాట పడి వచ్చి, ఇంట్లో కూర్చుని జాబుల్లో ఎకసెక్కాలు రాస్తాడు. పెళ్ళప్పుడు మా నాన్న "వెంకటపతికి మాట తక్కువ, పని గట్టి" అన్నాడు. మాట తక్కువన్నది నిజమే అయింది.

పైగా నీ ఊరు! ఏటా నేను వస్తే, అరుగుల మీద ఆడవాళ్ళు నా చేతిసంచి నుంచి చెప్పుల దాకా చూస్తారు. "కాలేజీ కాంచనమ్మ వచ్చింది, వానెప్పుడో అడగండ్రా" అంటారు. చెబితే నమ్మరు, చెప్పకపోతే పొగరంటారు. ఆ ఊరి కోసం నేను ఈ నెలాఖరున ఆఖరి కూటంలో నిలబడాలి. నా చేతిలో ఏముంది? రంధ్రాల కాగితం.

మన రాష్ట్రంలో దొరక్కపోతే అవతల ఆంధ్రా వైపు లెక్కలన్నా తెప్పిద్దామని రాశాను. అది విని ఆనంద్‌రాజ్, "వేరే స్టేట్ డేటా మనకెందుకు మేడమ్?" అన్నాడు. సరిహద్దులో ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర లారీలను ఆపినట్టు మేఘాలను కూడా ఆపి బిల్లులు చూపించమంటారనుకుంటాడు కాబోలు.

నువ్వు సున్నాలు పంపకపోతే, ఈ డబ్బాను లెక్కలోంచి తీసెయ్యమని నేనే రాసిస్తాను. కొలత చూసే మనిషి నమ్మదగినవాడు కాదు అని, కింద నా సంతకం పెడతాను. అప్పుడు మీరంతా తిరుత్తణి వానలో తడుచుకుంటూ బతకండి.

కాంచన

~

మన పల్లె,
సెప్టెంబరు 15

ప్రియమైన కాంచనకు,

నువ్వు రాసింది దిద్దమన్నావు గాబట్టి దిద్దుతున్నాను.

మన ఇంట్లో బియ్యం అయిపోతే అమ్మ ఏమంటుంది? నిండుకున్నాయి అంటుంది. లేవు అన్న మాట ఆమె నోట ఎప్పుడన్నా విన్నావా? దీపం ఆరిపోతే కొండెక్కింది అంటుంది. ఎవరన్నా బయటికి పోతుంటే పోయొస్తాను అనాల్సిందే, పోతాను అంటే తిరిగి కూచోబెడుతుంది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి. పొద్దున లేస్తూనే వాన లేదు అని నా చేత్తో ఎట్ల రాసేది? ఇన్నేళ్ళూ పడినప్పుడు అంకె రాసినాను, పడనప్పుడు చూసి వచ్చినాను. నువ్వు గూడా పడిన వానల లెక్కే అడుగుతా ఉంటివి. కష్టం రాలేదు.

నీ ఆగస్టు జాబు చూసి, సరే, ఆమె చదువుకున్నది, అవసరం ఉండబట్టే అడుగుతుంది అని, గోడమీద క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నాలు పెట్టడం మొదలుపెట్టినాను. అమ్మ చూసింది. "ఏందిరా ఇది? మా కాంచన రాయమనిందా? లేదు లేదు అని రోజూ రాస్తే వచ్చే తల్లి గూడా గడప దగ్గర్నుంచే తిరిగిపోతుంది గదరా" అనింది. నీ మీద కోపంతో కాదు. బాధ పట్టలేక పక్కింట్లో గూడా అనింది. పక్కింట్లో అన్న మాట ఈ ఊళ్ళో ఎంతసేపు ఆగుతుందో నీకు తెలుసు.

మర్నాడు వరదన్ మామ చేనిగట్టు మీదికి మందిని వేసుకొని వచ్చినాడు. గడ్డపారలు గూడా తెచ్చినారు.

"ఈ డబ్బా పెట్టినప్పట్నుంచే గదా వానలు తగ్గినాయి?" అన్నాడు.

"బోర్లు వేసినప్పట్నుంచి తగ్గినాయేమో మామా."

"వేండాం అప్పా, ఎకసెక్కాలు వద్దు. నీ పెండ్లాము తిరువళ్ళూరులో కూచోని వాన లేదని రోజూ రాయించుకుంటా ఉంటే, ఆ పాపి యాడుందని మేము యాడెతికేది? ఇక్కడే ఉండాది గదా."

డబ్బా పెరికేస్తే ఈ ఏటి లెక్క అంతటితో సరి. జాబితా, గీబితా అన్నీ పోతాయి. నేను బేరం పెట్టుకున్నాను. సున్నాలు రాయను, డబ్బా జోలికి రావద్దు అన్నాను. మామ డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, "సరి. అట్లయితే కొడుంబావికి ఆమె చీర ఇయ్యి. చీర ఇస్తావా, డబ్బా పెరుకుదుమా?" అన్నాడు.

ఇచ్చినాను. బీరువాలో నువ్వు వదిలిపోయిన ఆ వంకాయరంగు నేత చీర. రేషన్ అంగడి నుంచి పొలిమేర దాకా ఈడ్చినారు. అమ్మ పోలేదు. తలుపు వేసుకొని లోపల కూచోనింది. నేను చేనిగట్టు మీద డబ్బా పక్కన కూచున్నాను, మాట తప్పి ఎవరన్నా వస్తారేమోనని. అందుకే నిన్ను రావద్దంటిని. అప్పుడు నీ మొహం చూసే మొహం నాకు లేదు.

ఇంక నవ్వొచ్చే సంగతి. తర్వాత పది దినాలకు వాన పడింది. గట్టి వాన. దాని అంకె రాసినాను, దానికి ఎవరూ అడ్డం రాలేదు. చేనుకు మాత్రం అది పనికి రాలేదు. ఊడలన్నీ అప్పటికే ఎండిపోయినాయి. పెరికితే గొడ్లకు మేత, అంతే. కానీ ఊళ్ళో ఇప్పుడు నీకు మంచి పేరు. "కాంచనమ్మ చీర వానను దించింది" అంటున్నారు. వచ్చే ఏటికి ఇంకొకటి పాతది ఉంటే ఇయ్యమని ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే అడిగిపోయినారు.

దుప్పటి ముసుగు అన్నావు. ప్రతి పొద్దున ఎనిమిదిన్నరకు పోయినాను. ఖాళీగా ఉన్న ప్రతి గడీ నేను పోయి, మూత తీసి, లోపల చూసి వదిలిన గడే. అది నమ్మితే నమ్ము. నమ్మదగినవాడు కాదని సంతకం పెడతానన్నావు గదా, పెట్టు. నీ సంతకం బాగుంటుంది.

నీ బావ
వెంకటపతి

~

మణవాళనగర్,
అక్టోబరు 6

ప్రియమైన బావకు,

నీ జాబును మడిచి చాలా రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. వెంటనే జవాబు రాస్తే ఏం రాసేదాన్నో నాకే తెలియదు. ముందు కూటం సంగతి చెబుతాను, నీకు కావలసింది అదే కాబట్టి.

ఆంధ్రా వైపు లెక్కలు సమయానికి వచ్చాయి. తిరుత్తణిలో కురిసి నీ కాగితంలో ఖాళీగా ఉన్న రోజుల్లో, అవతలివైపు కూడా చుక్క లేదు. నువ్వు అంకె వేసిన రోజుల్లో అక్కడా వాన ఉంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి, ఈ ఖాళీలు చూడని రోజులవి కావు, చూసి సున్నా రాయని రోజులవి అన్నాను.

ఆనంద్‌రాజ్ పెదవి విరిచాడు. "జీరో రాస్తే ఏమవుతుంది మేడమ్? పెన్ను పేలుతుందా?"

"సార్, మీ ఇంట్లో దీపం ఆర్పేటప్పుడు మీ అమ్మగారు ఏమంటారు?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"చెప్పండి."

రంజని చెప్పింది, అరవంలో: "మా ఇంట్లో ఆర్పడం అనరు సార్. చల్లబరచడం అంటారు. నేనూ మా పాపకు అదే నేర్పాను." ఇంకొకాయన, "బియ్యం విషయంలో మా నానమ్మ కూడా..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. పది నిమిషాలు ఆ గదిలో అందరూ తమ తమ వంటిళ్ళలోకి పోయి వచ్చారు. ఇంత చదివినవాళ్ళు ఏ గ్రాఫుకూ లొంగక, నానమ్మల మాటకు లొంగారు. గెలిచినందుకు సంతోషించాలా, దేనితో గెలిచానో చూసి తల పట్టుకోవాలా అనిపించింది. ఆనంద్‌రాజ్ చివరికి, "సరే, ఆ డబ్బాకు ఖాళీలన్నీ జీరోగా తీసుకోండి. మినిట్స్‌లో మాత్రం దీపాలు, బియ్యం రాయకండి" అన్నాడు.

మన పల్లె జాబితాలోకి ఎక్కింది. పక్క పల్లె ఎక్కలేదు. వాళ్ళ చేలు కూడా నీ చేనంత ఎండాయి, కానీ అక్కడ డబ్బా లేదు, వాళ్ళకు తిరుత్తణి వానే రాశారు. గట్టు దాటితే కరువు కాస్తా సాధారణం అయిపోయింది. ఇదీ నేను నీకోసం పోరాడి తెచ్చిన న్యాయం. జాబితా అతికించిన రోజు వరదన్ దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాడు, చూస్తూ ఉండు. బోరు కింద చెరుకు పచ్చగా ఉన్న మనిషికి ముందు విత్తనం అందుతుంది. ఆయనకు నా తరఫున చెప్పు: వచ్చే ఏడు నా చీర కావాలంటే కమిటీకి అర్జీ పెట్టుకోమని.

చీర మాట కూటంలో చెప్పలేదు. చెబితే ఖాళీల కారణం ఇంకా గట్టిగా నిలబడేది. కానీ ఆనంద్‌రాజ్ ముందు మన ఊరిని అంత చిన్నది చెయ్యడానికి నోరు రాలేదు. ఆ ఊరిని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకూ నీకూ ఉంది. బిస్కట్లు ముంచుకునేవాడికి లేదు.

నమ్మదగినవాడు కాదు అని నేను రాసిన జాబు చించెయ్యి. నీ ఒక్క మాట మీద నిలబడి ఆ గదిలో మాట్లాడాను. ఏ విద్యార్థి అయినా "నేను చూశాను మేడమ్, రాయలేదు అంతే" అంటే బయటికి పంపేదాన్ని. నిన్ను నమ్మాను. లెక్కలు సరిపోయాయి కాబట్టి నమ్మానో, నువ్వు కాబట్టి నమ్మానో విడదీసి చూడటం నాకు రాలేదు.

దసరా సెలవులకు వస్తున్నాను. యశశ్వినిని కూడా తెస్తాను. నన్ను ఈడ్చిన వీధిలోనే నడిచి వస్తాను, నాకేం సిగ్గు లేదు, అత్తకు చెప్పు. ఆమె ఆ రోజు తలుపు వేసుకుని కూర్చున్నది చాలు నాకు.

కానీ బావా, నీ జాబులో ఒక్క చోట ఆగిపోతున్నాను. బీరువా తెరిచావు. అందులో అత్త చీరలు ఉన్నాయి, నావి ఉన్నాయి. ఎవరి చీర ఏదో మామకు ఏం తెలుసు? ఏదో ఒకటి తీసి, ఇదే కాంచనది అని ఇవ్వొచ్చు. నువ్వు నిజంగా నాదే తీసి ఇచ్చావు. మాట అంటే మాటే అనుకునే మనిషివి కాబట్టి అలా చేశావని ఒక పూట అనుకుంటాను. అమ్మ చీర ఈడ్చడానికి మనసొప్పలేదు, నాది కాబట్టి ఒప్పింది అని ఇంకో పూట అనుకుంటాను. ఆ క్షణంలో, ఒకవేళ వీళ్ళు చెప్పేది నిజమేనేమో, ఈమె వల్లే పడలేదేమో అని నీకు కూడా కాస్త అనిపించిందేమో అనుకునే పూటలు కూడా ఉన్నాయి. అవే ఎక్కువ.

వచ్చాక నిన్ను ఇది అడగాలా, అడగకుండా నీ పక్కన కూర్చుని అన్నం తినాలా, నాకు తేలలేదు. బస్సు ఎక్కేలోగా తేలుతుందని కూడా అనుకోవడం లేదు.

నీ
కాంచన